గురక లేదన్న పేషెంటు: తెల్లవారుజామున ఆగే ఊపిరి గురించి ఒక కేస్ స్టడీ

స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి పదేపదే ఆగే జబ్బు అనగానే డాక్టర్లకైనా మామూలు జనానికైనా ఒకే మనిషి గుర్తొస్తాడు: పొట్ట, పొట్టి మెడ, ఇల్లదిరే గురక, మధ్యాహ్నం కుర్చీలోనే కునుకు. అలాంటివారు విశాఖలో నా ఓపీకి తరచూ వస్తారు. వారి జబ్బు కనిపెట్టడానికి నేను అక్కర్లేదు, భార్యలే కనిపెట్టి తీసుకొస్తారు. ఈ కేసులో పేషెంటు ఆ బొమ్మకు ఎక్కడా సరిపోలేదు. ప్రశ్నావళిలో తేలలేదు, మొదటి పరీక్షలో సగమే తేలారు, మిషను పెట్టుకున్నాక కూడా ఆ బొమ్మే మమ్మల్ని కొన్నాళ్లు దారి తప్పించింది. ఆవిడ అనుమతితో రాస్తున్నాను. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను.

నేపథ్యం

వయసు 58. ఉద్యోగం చేసే మహిళ. భర్త కాలం చేసి కొన్నేళ్లయింది. కొడుకు, కోడలితో కలిసి ఉంటున్నారు, పడుకునేది మాత్రం తన గదిలో ఒంటరిగా. కొడుకు గదిలో ఏసీ ఉంది కాబట్టి రాత్రి ఆ తలుపు మూసే ఉంటుంది. ఈ చిన్న విషయం తర్వాత చాలా పనికొచ్చింది.

థైరాయిడ్ తక్కువగా ఉండటంతో రోజూ మాత్ర వేసుకుంటున్నారు, టీఎస్‌హెచ్ అదుపులోనే ఉంది. బీపీకి మూడు రకాల మందులు, అందులో ఒకటి మూత్రం ఎక్కువగా పోయించేది. అయినా ఓపీలో 150/94. హెచ్‌బీఏ1సీ 6.3, అంటే షుగరు ఇంకా గట్టు మీదే ఉంది. నెలసరి ఆగి ఆరేడేళ్లయింది. సింహాచలం గిరిప్రదక్షిణ ఏటా నడిచేవారు. 32 కిలోమీటర్లు రాత్రంతా నడిచి, మర్నాడు కాస్త కాళ్ల నొప్పులతో ఆఫీసుకు వెళ్లిన మనిషి, ఆ ఏడాది హనుమంతవాక దాకా కూడా రాలేక ఆటో ఎక్కేశానని చెప్పారు. నన్ను ఆపిన మాట అదే. 58 ఏళ్లకు అలసట సహజమని సరిపెట్టుకోవచ్చు, కానీ ఏడాదిలో ఇంత తేడా సహజం కాదు.

చెప్పిన బాధ

“నిద్ర పట్టడం లేదు డాక్టరు గారూ.” రెండేళ్లుగా అందరి దగ్గరా ఆవిడ చెప్పింది ఇదే, అందరూ రాసిందీ దానికే మందు. నిద్రమాత్ర ఆల్ప్రజోలం 0.5 మిల్లీగ్రాములు, పాత చీటీ మీదే కొనసాగుతోంది. దిగులుగా ఉందన్నందుకు మరో మాత్ర. రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేస్తున్నానంటే ఇన్ఫెక్షన్ కావచ్చని రెండు కోర్సుల యాంటీబయాటిక్. పొద్దున లేవగానే తలనొప్పి అంటే కళ్లద్దాలు మార్చారు. ఒక్కొక్క బాధకు ఒక్కొక్క గుమ్మం. ఏ డాక్టరునూ తప్పుపట్టలేను, ఎవరి దగ్గరికి ఏ ముక్క వచ్చిందో దానికి వారు జవాబు చెప్పారు.

నిద్ర పట్టకపోవడం అన్న మాటను విడదీసి అడిగాను. పడుకున్నాక పట్టడం లేదా, పట్టాక మెలకువ వస్తోందా? “పడుకోగానే పడుతుందమ్మా. మాత్ర వేసుకుంటాను కదా. మూడింటికి మాత్రం ఎవరో తట్టి లేపినట్టు మెలకువ వచ్చేస్తుంది. గుండె దడదడలాడుతుంది. నోరెండిపోయి ఉంటుంది. ఇక తెల్లవార్లూ అంతే.” మనసులో ఆందోళన ఉన్నా ఇలా లేవవచ్చు. కానీ నోరెండటం, గుండె దడ, మూత్రం, పొద్దున తలనొప్పి, మూడు మందులకు లొంగని బీపీ, ఇవన్నీ ఒకే రాత్రిలో జరుగుతున్నాయంటే ఊపిరి సంగతి చూడకుండా వదలకూడదు.

మూత్రం విషయంలో ఒక చిన్న పని చెప్పాను. రాత్రి లేచిన ప్రతిసారీ కొలత గ్లాసులో పట్టి రాయమన్నాను. మూత్రాశయం సమస్య అయితే కొద్దికొద్దిగా వస్తుంది. ఆవిడకు ప్రతిసారీ 300 మిల్లీలీటర్లకు పైనే వచ్చింది. అంటే రాత్రిపూట మూత్రపిండాలే ఎక్కువ నీటిని బయటికి పంపుతున్నాయి. బీపీ మాత్ర వేసుకునేది పొద్దున కాబట్టి దాని పని కాదు. షుగరు అంత ఎక్కువ లేదు. నిద్రలో గొంతు మూసుకుపోయినప్పుడు ఛాతీ గాలి కోసం గట్టిగా లాగుతుంది, లోపలి ఒత్తిడి పడిపోయి గుండె పైగదులు సాగుతాయి. ఒంట్లో నీరు ఎక్కువైందని గుండె పొరబడి ఏఎన్‌పీ అనే హార్మోనును వదులుతుంది, దాంతో మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ తోడేస్తాయి. రాత్రి మూత్రం బాధతో వచ్చినవారిని గురక గురించి అడగడానికి ఈ ఒక్క కారణం చాలు.

ప్రశ్నావళి ఏం చెప్పింది, ఏం చెప్పలేదు

స్టాప్‌బ్యాంగ్ అనే ఎనిమిది ప్రశ్నల పట్టిక 2008 నుంచి వాడుకలో ఉంది. గురక, పగటి అలసట, ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, బీపీ, బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 35 దాటిందా, వయసు 50 దాటిందా, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందా, మగవారా. ఆవిడకు అలసట, బీపీ, వయసు కలిపి 3 వచ్చాయి. మధ్యస్థ ముప్పు అన్నమాట. గురక లేదన్నారు. ఊపిరి ఆగడం చూసినవారు లేరు. బీఎంఐ 26.4. మెడ 36 సెంటీమీటర్లు. మగవారు కాదు.

ఈ 3 ఎలా వచ్చిందో చూడండి. ఆ పట్టికలో రెండు ప్రశ్నలకు జవాబు చెప్పవలసింది పేషెంటు కాదు, పక్కన పడుకునే మనిషి. ఆ మనిషి లేనప్పుడు ‘లేదు’ అన్న జవాబుకు అర్థం ‘తెలియదు’ అని. ఇక బీఎంఐ 35 అన్న గీత మనవారికి చాలా దూరం. మన దేశంలో 25 దాటితేనే ఊబకాయంగా లెక్కిస్తాం. పైగా దవడ ఎముక చిన్నదిగా, వెనక్కి ఉంటే సన్నటి మనిషికైనా గొంతు ఇరుకవుతుంది. నోరు తెరిపించి చూస్తే ఆవిడకు కొండనాలుకే కాదు, మెత్తటి అంగిలి కూడా కనిపించలేదు. నోరు తెరిస్తే గొంతు ఎంత కనిపిస్తుందో చెప్పే మల్లంపాటి వర్గీకరణలో అది నాలుగో తరగతి, అన్నిటికంటే ఇరుకైనది. పక్క నుంచి చూస్తే గడ్డం బాగా లోపలికి ఉంది. అంగిలి ఎత్తుగా, ఇరుగ్గా ఉంది. బీఎంఐ కాగితం మీద తేలే సంగతి, దవడను మాత్రం ముఖం చూసే తెలుసుకోవాలి.

ఎప్‌వర్త్ స్కేలు కూడా వేశాను. కూర్చుని చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, ప్రయాణంలో, ఇలా ఎనిమిది సందర్భాల్లో కునుకు పట్టే అవకాశం ఎంతో చెప్పమంటుంది. 24కు 10 దాటితే పగటి మత్తు ఎక్కువని. ఆవిడకు 7. “ఖాళీగా కూర్చుంటే కదమ్మా కునికేది?” అన్నారు. నిజమే, ఇంటి పనీ ఆఫీసు పనీ చేసే మనిషి రోజులో కదలకుండా కూర్చునేది ఎంతసేపు? అందుకని నా సొంత ప్రశ్నలు వేశాను. ప్రవచనానికి వెళ్తే చివరిదాకా వింటారా? బస్సులో కూర్చోవడానికి చోటు దొరికితే ఏమవుతుంది? నవ్వేశారు. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగాల్సినవారిని కండక్టరు చివరి స్టాపులో లేపాడట, అదీ ఒకసారి కాదు. స్కేలులో మాత్రం ఆ గడిలో 1 వేశారు.

సాక్షి కోసం

గురక రికార్డు చేయడానికి ఫోను మంచం పక్కన పెట్టుకోమన్నాను. సీలింగ్ ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ పడలేదు. కోడలిని తలుపు తీసి ఉంచి వినమంటే ఆ అమ్మాయి పన్నెండున్నర దాకా మేలుకుని విని, “అత్తయ్య ప్రశాంతంగానే పడుకున్నారండీ” అంది. అబద్ధం కాదు.

సాక్షి అనుకోకుండా దొరికింది. ఒక పెళ్లికి వెళ్లినప్పుడు ఆడవాళ్లందరూ హాల్లో చాపలు పరుచుకుని పడుకున్నారు. తర్వాతి విజిట్‌కు ఆవిడతోపాటు తోటికోడలు వచ్చారు. “అక్కకి గురక అని అంటే ఒప్పుకోదు డాక్టరు గారూ. మొదట చాలాసేపు బాగానే ఉంది. నాలుగు గంటల వేళ నాకు మెలకువ వచ్చింది. సన్నగా గురక, మధ్యలో చప్పుడు లేదు. పొట్ట కదులుతోంది, ముక్కు దగ్గర చెయ్యి పెడితే గాలి లేదు. భయపడి తట్టాను. గుటకేసినట్టు ఒక్కసారి గాలి పీల్చి మళ్లీ పడుకుంది. కాసేపటికి మళ్లీ అంతే.”

ఏ పుస్తకంలోనూ ఇంతకంటే బాగా రాయరు. పొట్ట కదులుతూ గాలి ఆడకపోవడమంటే మెదడు ఊపిరి తీయమనడం మానలేదు, దారే మూసుకుపోయింది. అంటే ఇది అడ్డంకి వల్ల వచ్చే ఆప్నియా. ఇక తోటికోడలు చెప్పిన వేళ మరో సంగతి చెప్పింది. కలలు వచ్చే రెమ్ నిద్ర రాత్రి చివరి మూడో వంతులో ఎక్కువ. ఆ దశలో గొంతు కండరాలు బాగా వదులైపోతాయి. స్త్రీలలో ఊపిరి ఆగడం ఆ దశకే ఎక్కువగా పరిమితం కావడం తరచుగా చూస్తాం. కోడలు పన్నెండున్నరకు విన్న ప్రశాంతత, మూడింటికి వచ్చే మెలకువ, రెండూ ఒకే కథలో భాగాలు.

ఇంటి పరీక్ష

పూర్తి స్లీప్ స్టడీ ఖర్చుతో కూడుకున్నది, పైగా ఒక రాత్రి బయట పడుకోవాలి. అందుకని ముందు ఇంట్లో చేసుకునే పరీక్ష ఎంచుకున్నాను. ముక్కు దగ్గర గొట్టం, ఛాతీకి పట్టీ, వేలికి ఆక్సిజన్ సెన్సర్. ఫలితం గంటకు 9. కనీసం 10 సెకన్లపాటు గాలి ఆగిపోవడం లేదా బాగా తగ్గిపోవడం గంటకు ఎన్నిసార్లో చెప్పే లెక్క ఇది. 5 నుంచి 15 వరకు స్వల్పం, 15 నుంచి 30 వరకు మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. రిపోర్టు కింద ‘స్వల్పం’ అని అచ్చు వేసి ఉంది. కొడుకు ఊపిరి పీల్చుకున్నాడు.

నాకు ఆ 9 నచ్చలేదు. ఇంటి పరికరం మెదడు తరంగాలను చూడదు, మనిషి నిద్రలో ఉన్నారో మేలుకుని ఉన్నారో దానికి తెలియదు. పెట్టినప్పటి నుంచి తీసేదాకా మొత్తం సమయంతో భాగిస్తుంది. ఆవిడ దాన్ని ఏడున్నర గంటలు పెట్టుకున్నారు, తన నిద్ర డైరీ ప్రకారం పడుకున్నది నాలుగున్నర గంటలు. అవే సంఘటనలను నాలుగున్నరతో భాగిస్తే 15 వస్తుంది. నిద్రలేమి ఉన్నవారిలో ఈ పరీక్ష జబ్బును తక్కువ చేసి చూపడానికి ఇదే కారణం. సగటు పక్కన పెట్టి గ్రాఫ్ చూస్తే విషయం ఇంకా తేటపడింది. ఒంటిగంట దాకా ఆక్సిజన్ గీత దాదాపు చదునుగా ఉంది. ఆ తర్వాత రంపపు పళ్లలా మూడు గుంపులు, అడుగున 81 శాతం. రాత్రి మొత్తానికి సగటు తీస్తే ఆ మూడు గుంపులూ చదునులో కరిగిపోతాయి.

అప్పుడు ల్యాబ్‌లో పాలీసోమ్నోగ్రఫీకి, అంటే ఆ పూర్తి స్లీప్ స్టడీకే పంపాను. పంపే ముందు నిద్రమాత్ర ఆపించాలా అన్న ప్రశ్న వచ్చింది. ఆ మాత్ర గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తుంది, ఊపిరి ఆగినప్పుడు తెలివి రావడాన్ని ఆలస్యం చేస్తుంది. అలాగని రెండేళ్లుగా వాడుతున్నదాన్ని హఠాత్తుగా ఆపితే నిద్ర పూర్తిగా చెదిరిపోతుంది, వణుకు, ఆందోళన వస్తాయి. ఆపి చేసిన పరీక్ష ఆవిడ మామూలు రాత్రిని చూపదు. మాత్రతోనే చేయించాను.

ఫలితం: నిద్ర ఐదున్నర గంటలు, మొత్తం మీద గంటకు 24. రెమ్ కాని నిద్రలో 15, రెమ్‌లో 52. ఆక్సిజన్ కనిష్ఠంగా 76 శాతం. స్వల్పం కాస్తా మధ్యస్థం అయింది. తెల్లవారుజామున మాత్రం చూస్తే తీవ్రమే.

ముందు కుదరనివి

పక్కకు తిరిగి పడుకోవడం సరిపోతుందేమోనని కొడుకు అడిగాడు. వెల్లకిలా ఉన్నప్పుడే ఊపిరి ఆగేవారికి అది మేలు చేస్తుంది. ఆవిడకు ఏ పక్కకు తిరిగినా రెమ్‌లో ఆగుతోంది. కింది దవడను ముందుకు పట్టి ఉంచే పరికరం ఆవిడ దవడకు నిజానికి మంచి ఆలోచన, కానీ కింది దవడ పళ్లు చాలా వరకు లేవు, ఉన్నవీ కదులుతున్నాయి. దాన్ని పట్టుకునే ఆధారమే లేదు. బరువు తగ్గడం మంచిదే, కానీ 26.4 బీఎంఐలో తగ్గేదెంత, అందాకా బీపీ ఆగుతుందా? సీప్యాప్ మిగిలింది. గొంతులోకి ఒత్తిడితో గాలి పంపి, దారి మూసుకుపోకుండా నిలబెట్టే మిషను. 1981లో సిడ్నీలో కాలిన్ సల్లివాన్ బృందం దీన్ని ప్రచురించింది, నేటికీ ప్రధాన చికిత్స ఇదే.

మొదటి నెల బాగా సాగలేదు. అమ్మినవారు ముక్కూ నోరూ మూసే పెద్ద మాస్కు ఇచ్చారు. “నీళ్లలో ముంచినట్టుందమ్మా” అన్నారు. మిషను గాలి ఒత్తిడి 4 (నీటి సెంటీమీటర్లలో కొలత) దగ్గర మొదలవుతోంది. కొందరికి ఆ తక్కువ గాలే ఊపిరాడనట్టు అనిపిస్తుంది. కనీసం 6కు పెంచితే కుదుటపడ్డారు. ముక్కుకు మాత్రమే పెట్టే చిన్న మాస్కు మార్చాం. కరెంటు పోతే ఏమవుతుందన్న భయం ఒకటి ఉంది. హుద్‌హుద్ తుఫాను తర్వాత రోజుల తరబడి చీకట్లో గడిపిన ఊరు ఇది, ఆ భయాన్ని కొట్టిపారేయలేం. మాస్కులో గాలి బయటికి పోయే రంధ్రం ఉంటుందని, మిషను ఆగితే ఇబ్బంది తెలిసి తీసేస్తారని విప్పి చూపించాను. ఇన్వర్టరుకు కలిపించుకున్నారు.

విశాఖ ఉక్క వల్ల వచ్చిన తంటా మరొకటి. మాస్కు కోసమని కొడుకు ఆవిడ గదిలోనూ ఏసీ పెట్టించాడు. మిషనులోని తేమ డబ్బా గాలిని వేడిచేసి పంపుతుంది, చల్లటి గదిలో ఆ గొట్టంలో నీళ్లు చేరి గుడగుడమంటాయి, ముఖం మీద చుక్కలు పడతాయి. అర్ధరాత్రి ముఖం మీద నీళ్లు పడితే ఎవరైనా మాస్కు విసిరికొడతారు. తేమ తగ్గించి, గొట్టానికి గుడ్డ తొడిగి, మిషనును మంచం కంటే కిందికి దించాక ఆగిపోయింది.

ఇంతకన్నా గట్టి అడ్డంకి నిద్రలేమి. మాస్కు అలవాటు కావాలని ఆవిడ తొమ్మిదింటికే పెట్టుకుని పడుకుని, పదకొండు దాకా కప్పు చూస్తూ ఉండేవారు. మాస్కు అంటే మెలకువ అని మనసుకు ముద్ర పడిపోయింది. రాత్రి వేళ మాస్కుతో పోరాడటం ఆపించాను. సాయంత్రం సీరియల్ చూసేటప్పుడు అరగంట మిషను వేసుకుని కూర్చోమన్నాను. మంచం ఎక్కేది పదకొండుకు, దిగేది ఐదింటికి, మధ్యాహ్నం పడక లేదు. నిద్రమాత్ర అప్పుడే తగ్గించలేదు. గొంతుకు అది చేసే హాని నాకు తెలుసు, కానీ మిషను దారిని తెరిచి ఉంచుతున్నప్పుడు ఆ హాని తక్కువ. రెండు పోరాటాలు ఒకేసారి మొదలుపెడితే ఆవిడ వదిలేసేది మాస్కునే.

కుదిరినది

మిషను కార్డులో నమోదైన వాడకం సగటున రాత్రికి 4 గంటలు దాటింది. రాత్రికి 4 గంటలు, పదింట ఏడు రాత్రులు వాడితే సరిగా వాడుతున్నట్టు అని లెక్క ఉంది. ఆ లెక్కన పాసు. తలనొప్పి తగ్గింది. బీపీ మాత్రం కదల్లేదు, పగటి అలసటా తగ్గలేదు.

సగటును వదిలి రోజువారీ గీతలు చూశాను. పదకొండున్నరకు పెట్టుకుంటున్నారు, మూడున్నరకు మూత్రానికి లేచినప్పుడు తీసి, మళ్లీ పెట్టుకోవడం లేదు. అంటే ఊపిరి కాస్త బాగున్న ముందు గంటలు మిషనుతో, రెమ్‌లో గంటకు 52 సార్లు ఆగే చివరి గంటలు మిషను లేకుండా గడుస్తున్నాయి. జబ్బు ఉన్న గంటలు తప్ప మిగతా గంటలకు వైద్యం చేస్తున్నాం. ఈ రకం ఆప్నియాలో 4 గంటల లెక్క డాక్టరునూ పేషెంటునూ ఇద్దరినీ నిద్రపుచ్చుతుంది.

ఎందుకు పెట్టుకోవడం లేదంటే, చీకట్లో పట్టీలు సరిచేసుకోలేక. మాస్కు తీయవద్దన్నాను, ముఖానికి అలాగే ఉంచి గొట్టం ఒక్కటే ఊడదీసి వెళ్లి, వచ్చి తగిలించుకోమన్నాను. ఆ కొలికి మలుపు తిప్పితే ఊడి వచ్చేది. ఓపీలో కళ్లు మూసుకుని నాలుగైదుసార్లు చేయించాను.

మూడు నెలల తర్వాత సగటు వాడకం ఐదున్నర గంటలు దాటింది, మిగిలిన ఆప్నియా గంటకు 3. రాత్రి లేవడం ఒకసారికి వచ్చింది. అప్పుడు ఆల్ప్రజోలం 0.25కు దించి, తర్వాత ఇంకా మెల్లగా తగ్గిస్తూ, పది వారాల్లో ఆపాం. బీపీ 132/80, మందుల్లో ఒకటి తీసేశాను. ఈ తగ్గుదలంతా మిషను ఖాతాలో వేయను. సీప్యాప్ వల్ల బీపీ తగ్గేది సగటున కొద్దిగానే, ఆవిడ ఆవకాయ కూడా బాగా తగ్గించారు. నిద్ర పట్టడం ఇప్పటికీ కొన్ని రాత్రులు ఆలస్యమే. నిద్రలేమి, ఆప్నియా కలిసి ఉన్నప్పుడు ఒకటి పోతే రెండోది దానంతట అది పోదు.

తర్వాత మారిన అలవాట్లు

నడివయసు దాటిన స్త్రీ నిద్ర పట్టడం లేదంటే, మాత్ర రాసే ముందు ఏ గంటకు మెలకువ వస్తోందని అడుగుతున్నాను. గురక ఉందా అని అడగడం మానేశాను. ఆడవారికి ఆ మాట నామోషీ. ఈ మధ్య ఎవరి పక్కనైనా పడుకున్నారా, పెళ్లిలోనో రైల్లోనో ఎవరైనా ఏమైనా అన్నారా అని అడిగితే జవాబు వస్తుంది. థైరాయిడ్ తక్కువ, మెనోపాజ్, వెనక్కి ఉన్న గడ్డం, ఇంట్లో తండ్రికో అన్నకో ఇదే జబ్బు, లొంగని బీపీ, రాత్రి మూత్రం, పొద్దున తలనొప్పి, వీటిలో మూడు కలిస్తే స్టాప్‌బ్యాంగ్ ఎంత వచ్చినా పరీక్షకు పంపుతున్నాను. ఇంటి పరీక్ష బాగుందని వస్తే గ్రాఫ్ తెప్పించుకుంటున్నాను. సారాంశం పేజీ మాత్రమే పంపే ల్యాబ్‌లకు ఫోను చేయక తప్పడం లేదు.

ఆవిడకు త్వరలో మోకీలు మార్పిడి ఆపరేషన్ ఉంది. మత్తు మందు, తర్వాత ఇచ్చే నొప్పి మందులు గొంతును మళ్లీ వదులు చేస్తాయి కాబట్టి కేసు షీటు మొదటి పేజీలోనే జబ్బు పేరు, ఒత్తిడి సెట్టింగు, మాస్కు సైజు రాసి, మిషను వెంట తెచ్చుకోవాలని మత్తు డాక్టరుకు ఉత్తరం ఇచ్చాను. ఆస్పత్రిలో గొట్టం తగిలించడం ఎవరికీ రాకపోతే ఎలా అని ఆవిడ అడిగారు. తోటికోడలు తోడుగా ఉంటానన్నారు, ఆవిడకూ నేర్పించి పంపాను.